మొస్కీతియా: రాకపోకలు

హోండురాస్ ఈశాన్య మూలన, కరీబియన్ సముద్రం నుంచి నికరాగువా సరిహద్దు దాకా పరచుకున్న అడవులు, ఉప్పుకయ్యలు, గడ్డి మైదానాల ప్రాంతం మొస్కీతియా. ఇందులో అధిక భాగం గ్రాసియాస్ ఆ దియోస్ జిల్లాలో ఉంది. ముఖ్య పట్టణం ప్యూర్తో లెంపీరా, కరతాస్కా కయ్య ఒడ్డున ఉంటుంది. దేశంలోని మిగతా పట్టణాల నుంచి ఇక్కడికి పక్కా రోడ్డు లేదు.

లా సేబా నగరం నుంచి చిన్న విమానాలు ప్యూర్తో లెంపీరాకు వస్తాయి. ఖర్చు భరించలేనివారు తొకోవా పట్టణంలో జనంతో, సరుకుతో కిక్కిరిసిన పికప్ ట్రక్కు ఎక్కుతారు. అది చివరికి సముద్రతీరపు ఇసుక మీదుగా బతాయా అనే ఊరు చేరుతుంది. వాగులు పొంగితే ప్రయాణం ఆగిపోతుంది. బతాయా నుంచి దారి నీళ్లదే.

ఊళ్ల మధ్య తిరగడానికి మోటారు పడవలు, లోతు తక్కువైన చోట పిపాంతే అనే దోనెలు వాడతారు. ఒకే మానును తొలిచి చేసే ఈ దోనెను గడకర్రతో నెట్టుకుంటూ ప్రవాహానికి ఎదురు నడపడం గొప్ప నైపుణ్యం. మిస్కీతో, పెచ్ ప్రజలుండే లాస్ మరియాస్‌కు ప్లాతనో నదిలో గంటల తరబడి పడవలో ఎదురు ప్రయాణించాలి. నది ఎగువన ఉన్న రాతిచెక్కడాలు చూడాలంటే ఇంకా పైకి దోనెలోనే వెళ్లాలి. స్థానిక మార్గదర్శి లేకుండా బయలుదేరకూడదు. ఫిబ్రవరి నుంచి మే వరకు వానలు కాస్త తక్కువ.

ఈ ప్రాంతంలోనే ఉన్న, 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రియో ప్లాతనో అభయారణ్యం 2011 నుంచి ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ ఉంది. పశువుల మేతకోసం అడవి నరుకుతున్నవారు వేసుకున్న దొంగదారులు లోపలికి చొచ్చుకొస్తున్నాయి. రోడ్డు లేకపోవడమే ఇన్నాళ్లూ ఈ అడవిని చాలావరకు కాపాడింది.