కవిలె నుంచి గ్రామసభ దాకా: పెనుకొండ సీమలో స్థానిక పాలన నీతి నియమాల చరిత్ర

ఊరి సొమ్మూ ఊరి పెత్తనమూ చేతిలో ఉన్న మనిషి ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు, తప్పు చేస్తే ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న మూడు ప్రశ్నలకు ఒక సమాజం ఇచ్చుకున్న సమాధానాల మొత్తాన్నే స్థానిక పాలన నీతి నియమావళి అనవచ్చు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనూ, అంతకు ముందు అనంతపురం జిల్లాలోనూ భాగమైన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఈ సమాధానాలు ఏనాడూ ఒకే గ్రంథంగా కూర్చబడలేదు. అవి కొంత ఆచారంగా, కొంత ఇనాం షరతులుగా, కొంత కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) రెగ్యులేషన్లుగా, మరికొంత శాసనసభ చేసిన చట్టాలుగా చెల్లాచెదురుగా ఉంటూ, పాలన చేతులు మారిన ప్రతిసారీ సవరణకు లోనవుతూ వచ్చాయి. ఆ సవరణలను వరుసలో పెట్టి చూస్తే వాటన్నిటి కిందా ఒకే తగవు కనిపిస్తుంది: లెక్క ఎవరు రాయాలి, రాసిన లెక్కను ఎవరు చదవాలి?

విజయనగర కాలంలో పెనుకొండ ఒక రాజ్యభాగానికి కేంద్రం. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత ఆరవీటి తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తరలించాడు. వేంకటపతి రాయల కాలంలో అది చంద్రగిరికి వెళ్లేదాకా సామ్రాజ్య పాలన ఈ కొండకోట నుంచే నడిచింది. అంతకు ముందు, అచ్యుత దేవరాయల పాలనలో (1529–1542), పెనుకొండ పారుపత్యం, అంటే రాజు తరఫున ఆదాయ వ్యయాల నిర్వహణ, చూసిన విరూపణ్ణ హిందూపురానికి సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించాడు. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్మును గుడికి వెచ్చించాడన్న అభియోగం మీద అతని కళ్లు తీయించమని ఆజ్ఞ అయిందనీ, ఆ శిక్షను అతడే అమలు చేసుకొని కళ్లను గోడకు విసిరాడనీ స్థానికులు చెప్పుకుంటారు. అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణ మంటపం దగ్గరి గోడ మీది ఎర్రని మరకలను సాక్ష్యంగా చూపుతారు. ఇది జనశ్రుతి, ఆలయ శాసనాలు చెప్పేది దానాల గురించి. అయినా నీతి చరిత్రకు ఈ కథ పనికిరాకపోదు. సొమ్ము సొంతానికి వాడుకోకపోయినా, దైవకార్యానికే వెచ్చించినా, అధికారం లేని ఖర్చు తప్పే అవుతుందన్న భావం ఈ సీమ జ్ఞాపకంలో ఎంత బలంగా పాతుకుందో అది చెబుతుంది. ఆనాటి ఏర్పాటులోని లోపాన్నీ అదే బయటపెడుతుంది: జవాబుదారీ అంతా పైకి, రాజుకు మాత్రమే, పన్ను కట్టిన ఊరివాడికి ఆ లెక్కలో చోటు లేదు.

ఊరి స్థాయిలో ఏర్పాటు వేరు. రెడ్డి, కరణం, తలారి మొదలైన వృత్తి, సేవా బాధ్యులను కలిపి ఆయగాండ్రు అనేవారు. పన్నులేని మాన్యం భూమి, కళ్లంలో కొలిచి ఇచ్చే ధాన్యపు మేర వీరి జీతం. కరణం రాసే లెక్కల పుస్తకం కవిలె. ఏ పొలం ఎవరిది, ఏ చెరువు కింద ఎంత తరి సాగు, ఏ మాన్యం ఏ షరతు మీద ఇచ్చారు అన్న వివరాలన్నీ అందులోనే ఉండేవి. చెరువుల మీద బతికే ఈ ప్రాంతంలో నీతి నియమం అతి స్పష్టంగా కనిపించేది దశబంధం ఇనాములలో. చెరువు కట్టినందుకో, దాని కట్టనూ తూములనూ ఏటా బాగు చేస్తామని ఒప్పుకున్నందుకో, భూమిని పన్ను లేకుండా లేదా తక్కువ పన్నుకు అనుభవించే హక్కే దశబంధం. అనుభవం, బాధ్యత ఒకే పత్రంలో ముడిపడి ఉన్నాయి కాబట్టి పని జరిగిందా లేదా అన్నది తేల్చడానికి విచారణాధికారి కూడా అక్కర్లేదు. గండి పడిన కట్టను ఆయకట్టు రైతులందరూ కళ్లారా చూడగలిగేవారు. దీనికి భిన్నంగా కవిలెను కరణం తప్ప చదవగలిగినవారు అరుదు. కంటికి కనిపించే బాధ్యత గట్టిగా నిలవడమూ, కాగితం చాటున ఉన్న బాధ్యత సడలడమూ ఆ తరువాతి చరిత్ర అంతటా కొనసాగాయి.

దక్షిణ దేశంలో స్థానిక సభకు లిఖిత నియమావళి ఎన్నడూ లేదనుకోవడం పొరపాటు. తమిళ సీమలోని ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలపు రెండు శాసనాలు గ్రామసభ వారియాలకు, అంటే కమిటీలకు, ఎవరు అర్హులో, ఎవరు అనర్హులో వివరిస్తాయి. సభ్యుడై ఉండి లెక్క అప్పజెప్పనివాడు, వాడి దగ్గరి బంధువులు మళ్లీ ఎంపికకు పనికిరారు. ఇటీవలి మూడేళ్లలో పదవి చేసినవాడికి వెంటనే మరో అవకాశం లేదు. 919 ప్రాంతంలో చేసిన ఈ ఏర్పాటును రెండేళ్లకే, 921 ప్రాంతంలో, వయోపరిమితి మార్చి, అనర్హుల బంధువుల జాబితాను విస్తరించి సవరించారు. అయితే అక్కడ హక్కంతా భూమీ వేద విద్యా ఉన్న బ్రాహ్మణ గృహస్థులదే కాబట్టి, ఆ నియమావళి ఎంత నిశితమైనదైనా దాని పరిధి చాలా ఇరుకు.

ఈ సీమతో సహా 1800లో నిజాం నుంచి కుంఫిణీకి దత్తమైన జిల్లాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు పనిచేసి, పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా పన్ను నిర్ణయించే రైత్వారీ పద్ధతికి ఇక్కడ పునాది వేశాడు. ఈ పద్ధతికి ఆధారం ఊరి లెక్క. ఊరి లెక్కకు ఆధారం కరణం. సాగులో ఉన్న భూమిని బీడుగా రాయడం, మాన్యం విస్తీర్ణం పెంచి చూపడం, దొంగసాగును దాచడం ఆనాటి అధికారులను నిత్యం వేధించిన సమస్యలు. వీటికి విరుగుడుగా ఏటా జరిగే జమాబందీ స్థిరపడింది. జూలైలో మొదలై జూన్‌లో ముగిసే ఫసలీ సంవత్సరపు లెక్కలను, అడంగల్‌లోని పంట వివరాలతో సహా, కరణాలు మూటలు కట్టుకొని విడిదికి తెస్తే, అధికారి ఒక్కొక్క పద్దూ సరిచూసి ఆ ఏటి బేరీజు, అంటే మొత్తం డిమాండు, తేల్చేవాడు. 1816 రెగ్యులేషన్లు గ్రామ పెద్దలకు మునసబు అధికారాలిచ్చాయి. మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్న కాలంలో వచ్చిన 1822 నాటి 9వ రెగ్యులేషన్ రెవెన్యూ ఉద్యోగుల లంచాలను, సొమ్ము అపహరణను విచారించి శిక్షించే అధికారం కలెక్టర్లకు కట్టబెట్టింది. ఆచరణలో దాని పరిమితి ఎంతో 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నివేదిక చూపింది: పన్ను వసూలు పేరిట కిందిస్థాయి ఉద్యోగులు రైతులను హింసించడం మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉన్నదేనని అది తేల్చింది. లెక్క తప్పితే శిక్ష ఉంది కానీ, లెక్క సరిపోయేలా రైతును బాధిస్తే అడ్డుకునే యంత్రాంగం లేకపోయింది.

ఎన్నికైన సభ్యులకు నీతి నియమాలు అవసరమైనది స్థానిక సంస్థలు పుట్టిన తరువాతే. 1871 నాటి మద్రాసు చట్టాలు రోడ్లు, బడులు, వైద్యశాలల కోసం స్థానిక నిధులను ఏర్పరచగా, స్థానిక స్వపరిపాలనపై 1882 మే నాటి వైస్రాయి రిప్పన్ తీర్మానం తరువాత వచ్చిన 1884 చట్టాలు జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్ పంచాయతీ అనే మూడంచెలనూ, పట్టణాలకు మునిసిపల్ కౌన్సిళ్లనూ స్థిరపరచాయి. అదే 1882లో బళ్లారి నుంచి విడివడి అనంతపురం జిల్లా ఏర్పడింది. 1920 చట్టాలు ఎన్నికైనవారి అధికారాన్ని పెంచుతూ, 1835 నాటి ఇంగ్లాండు మునిసిపల్ చట్టం నుంచి వచ్చిన ఒక సూత్రాన్ని ఇక్కడా కొనసాగించాయి: సంస్థతో నడుస్తున్న కాంట్రాక్టులో ఆర్థిక ప్రయోజనం ఉన్నవాడు దాని సభ్యుడుగా ఉండరాదు. చింతపండు, బెల్లం వ్యాపారానికి పేరుపడిన హిందూపురం, పట్టుచీరల మగ్గాల ధర్మవరం వంటి ఊళ్లలో ఈ సూత్రం ఎంత ముఖ్యమో ఊహించడం కష్టం కాదు. సంత గుత్త, అంటే అంగళ్ల మీద రుసుము వసూలు చేసుకొనే హక్కును ఏడాదికి వేలం వేయడం, ఏ పట్టణ సంస్థకైనా నమ్మకమైన ఆదాయ మార్గం. వేలం నిర్ణయించే సభ్యుడే పాటదారుకు వాటాదారైతే పోటీ ఉండదు, రాబడి పడిపోతుంది. చట్టం సభ్యుణ్ణి ఆపగలిగింది కానీ, బావమరిది పేరుతోనో పాలేరు పేరుతోనో పాట పాడే బినామీని ఆపడానికి దాని దగ్గర తగిన ఆయుధం లేకపోయింది.

స్వాతంత్ర్యం తరువాత నియమాలు రెండు పాయలుగా చీలాయి. ఉద్యోగుల కోసం 1961లో అవినీతి నిరోధక శాఖ, 1964లో ప్రవర్తనా నియమావళి వచ్చి, బహుమతులు, ఆస్తుల కొనుగోలు, బంధువుల వ్యాపారాల వంటి విషయాలపై వివరమైన కట్టుబాట్లు ఏర్పడ్డాయి. ఎన్నికైనవారికి మాత్రం 1964 గ్రామ పంచాయతీల చట్టం, 1965 పురపాలక సంఘాల చట్టం పాత పద్ధతిలోనే అనర్హతల జాబితాను ఇచ్చి సరిపెట్టాయి. ఆడిట్‌లో తేలిన నష్టాన్ని బాధ్యుల నుంచే రాబట్టే సర్‌చార్జి ఉన్నా, అది జరిగిపోయిన నష్టం వెంట పడేదే. ప్రవర్తనకు నియమం, పదవికి అనర్హత ఒకటి కావు: మొదటిది పని చేస్తున్నంతకాలం దారి చూపుతుంది, రెండవది తప్పు రుజువైన తరువాత తలుపు మూస్తుంది.

ఈ మధ్యలో కరణీకం కథ ముగింపుకు వచ్చింది. 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం వారసులకే దక్కుతున్న పదవుల విషయంలో, తెనాలి తాలూకాలో మొదలైన గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెబుతూ, వంశాన్ని బట్టి ఉద్యోగమివ్వడం రాజ్యాంగపు 16వ అధికరణానికి విరుద్ధమని స్పష్టం చేసింది. 1983లో లోకాయుక్త చట్టం తెచ్చిన నందమూరి తారక రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులన్నిటినీ రద్దు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. నీతి కోణంలో ఈ రద్దు ఫలితం మిశ్రమం. కులమూ వంశమూ కాపాడిన గుత్తాధిపత్యం పోయింది. అయితే ఏ సర్వే నంబరు ఏ చెరువు పక్కదో చూడకుండా చెప్పగల జ్ఞానమూ దానితో పాటే చెదిరింది. లెక్క రాసే చెయ్యి మారింది తప్ప, దాన్ని చదివే కళ్లు పెరగలేదు.

73, 74వ రాజ్యాంగ సవరణల తరువాత వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం రిజర్వేషన్లతో, క్రమం తప్పని ఎన్నికలతో సభ్యత్వాన్ని విస్తృతం చేసింది కానీ, నీతికి నేరుగా సంబంధం లేని షరతులనూ చేర్చింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులన్న నిబంధన అలాంటిది. మూడు దశాబ్దాల తరువాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని తొలగించింది. జనాభా విధానం కోసం పెట్టిన షరతు జనాభా విధానం మారగానే పోయింది. ఈ కాలమంతా ప్రయోజనాల ఘర్షణ, అంటే సొంత లాభం ప్రజా నిర్ణయానికి అడ్డుతగలడం, గురించిన నిబంధనలు మాత్రం 1920 నాటి ఆలోచనకు దగ్గరలోనే ఉండిపోయాయి.

నిజమైన మార్పు మరో దారిన వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఇదే అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో మొదలైన జాతీయ ఉపాధి హామీ పథకం, గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని చట్టంలోనే విధించింది. రాష్ట్రంలో రూపొందిన పద్ధతిలో, కూలీ కుటుంబాల యువతీయువకులు శిక్షణ పొంది, మస్టరు రోలు, అంటే హాజరు పట్టీ, నకళ్లు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, ‘ఈ వారం నీవు ఆరు రోజులు పని చేసినట్టు ఉంది, నిజమేనా, డబ్బు చేతికందిందా’ అని అడుగుతారు. తవ్విన కందకాన్ని కొలతల పుస్తకంతో పోల్చి చూస్తారు. తేలిన తేడాలను మొదట గ్రామసభలో, ఆ తరువాత మండల స్థాయి ప్రజావేదికలో, అందరి ముందూ చదివి, సంబంధిత ఉద్యోగి సమాధానం రాబడతారు. చనిపోయినవారి పేరిట, ఊరు విడిచి బెంగళూరుకు వలసపోయినవారి పేరిట వేసిన హాజరును పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు; ఊరివాడై ఉంటే చాలు. కవిలె కాలంలో లేని, ఊరి లెక్కను ఊరే చదివే హక్కు ఇలా చట్టబద్ధంగా దక్కింది. వేదికల మీద ఆదేశించిన రికవరీ పూర్తిగా వసూలు కాకపోవడం ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోటు.

ఇతర దేశాల అనుభవం కూడా నియమావళిని ఒకసారి రాసి వదిలేయరాదనే చెబుతుంది. బ్రిటన్‌లో 1995లో నోలన్ కమిటీ నిస్వార్థత, నిజాయితీ, జవాబుదారీ, పారదర్శకత వంటి ఏడు సూత్రాలను ప్రకటించగా, 2000 చట్టం కౌన్సిలర్లందరికీ ప్రవర్తనా నియమావళిని తప్పనిసరి చేసింది. ఇంగ్లాండులో 2011 చట్టం జాతీయ స్థాయి పర్యవేక్షణను తీసేసింది. ఆ ఖాళీ వల్ల కలిగిన గందరగోళం చూసి 2020లో మళ్లీ ఒక నమూనా నియమావళి తయారైంది. భారతదేశంలో రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో స్థానిక సంస్థలపై ఫిర్యాదులు విచారించే ప్రత్యేక అంబుడ్స్‌మన్ ఉండాలని సిఫారసు చేసింది.

నియమావళిని సవరించాలన్న ప్రశ్న నేడు పెనుకొండ సీమలో మరింత బరువైనది. 2019లో ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించిన తరువాత చుట్టుపక్కల భూముల విలువ, లేఅవుట్ల అనుమతుల విలువ పెరిగాయి. గ్రామ పంచాయతీగా ఉన్న పెనుకొండ నగర పంచాయతీ అయి 2021 నవంబరులో తొలి పాలకవర్గాన్ని ఎన్నుకుంది. చెరువు కట్ట, సంత గుత్తల కాలంలో రాసుకున్న నియమాలు భూవినియోగ మార్పిడి, ఇళ్ల ప్లాన్ల కాలానికి చాలవు. విరూపణ్ణ కథ నుంచి మస్టరు రోలు దాకా ఈ ప్రాంతపు చరిత్ర ఇచ్చే తీర్పు ఒక్కటే: శిక్షలు పెంచిన సవరణలు కొద్దికాలం భయపెట్టాయి, పదవులు రద్దు చేసిన సవరణలు చేతులు మార్చాయి, లెక్కను ఊరి ముందు పెట్టిన సవరణ మాత్రమే తప్పును తప్పు జరిగిన చోటే పట్టుకోగలిగింది. కాబట్టి కౌన్సిలరు, సర్పంచు, వార్డు సభ్యుడు తమ భూములూ వ్యాపారాలూ కుటుంబ కాంట్రాక్టుల వివరాలను పదవి చేపట్టిన రోజే ప్రకటించి, ఏటా సవరించి, ఉపాధి పనుల జాబితాలాగే స్థానిక కార్యాలయం గోడ మీద అతికించి గ్రామసభలో చదివించే నిబంధన రానిదే, ఎన్ని కొత్త సెక్షన్లు చేర్చినా స్థానిక పాలన నీతి నియమావళి సవరణ పూర్తయినట్టు కాదు.