రెట్రో

రెట్రో అనగానే మనకు పాత పాటలు, బెల్‌బాటమ్ ప్యాంట్లు గుర్తొస్తాయి. హెచ్ఐవీకి వాడే యాంటీరెట్రోవైరల్ మందుల పేరులోనూ ఉన్నది ఆ లాటిన్ మాటే, అర్థం ‘వెనక్కి’. కణంలో సమాచారం మామూలుగా డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏకు వెళ్తుంది. హెచ్ఐవీది ఎదురు నడక: తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా తిరగరాసి మన జన్యువుల్లో అతికించేస్తుంది. ఈ తిరగరాతకు కావలసిన ఎంజైమ్‌ను 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా కనిపెట్టారు. 1987లో అమెరికా అనుమతించిన తొలి హెచ్ఐవీ మందు జిడోవుడిన్ దాన్నే అడ్డుకుంది. నేటి టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్‌ల పనీ అదే. అందులోని మూడో మందు డోలుటెగ్రావిర్ మాత్రం అతికింపును ఆపుతుంది. అతికించే ఎంజైమ్ ఇంటిగ్రేస్ తాలూకు ముక్క ఆ పేరులోనే దాగుంది. ఇంత పొడుగు పేర్లకు ఎవరి నోరు తిరుగుతుంది? ఆసుపత్రిలో అందరూ ‘ఏఆర్‌టీ (యాంటీరెట్రోవైరల్ థెరపీ) మందులు’ అనేస్తారు.