మన పూర్వులు – నీటి వసతి

మధుర, కోయంబత్తూరు సీమలలో స్థిరపడిన మన తెలుగువారి చరిత్రలో నీటి కథకు పెద్ద పీటయే కలదు.

మధురను పాలించిన తెలుగు ప్రభువు తిరుమల నాయకుడు 1645లో వండియూరు తెప్పకుళమును నిర్మింపజేసెను. భూగర్భ కాలువల గుండా వైగై నీరు దానిలోనికి చేరుచుండెడిది. కాని వైగైయే ఎండిన యేట ఏ చెరువు నిండును? పడమటి సముద్రమున కలియు పెరియారు నీటిని తూర్పునకు మరల్చుటకై 1886లో తిరువాన్కూరు సంస్థానమునకును మద్రాసు ప్రభుత్వమునకును ఒడంబడిక కుదిరెను. ఇంజనీరు పెన్నీక్విక్ దొర ఆనకట్ట కట్టించి, కొండను తొలిపించి, 1895లో ఆ నీటిని వైగై లోయకు తెచ్చెను. రెండు ప్రభుత్వములు కలిసినగాని ఆ పని జరుగలేదు.

కోయంబత్తూరు వానలు తక్కువైన మెట్ట సీమ. అచ్చట బావులే రైతుకు దిక్కు. 1930 దశకమున పైకారా విద్యుత్తు వచ్చినది. 1937లో జి.డి. నాయుడు గారును, డి. బాలసుందరం నాయుడు గారును కలిసి స్వదేశమున విద్యుత్ మోటారును తయారుచేసిరి. మోట తోలిన బావులకు పంపులు వచ్చినవి. పంపుల పరిశ్రమ ఆ నగరమునకు పేరు తెచ్చినది.

అయితే తోడుట నేర్చిన మనము నింపుట మరచితిమి. బావులు బోర్లయినవి, నీరు మరింత లోతునకు దిగినది. 2003లో ఏర్పడిన సిరుతుళి సంస్థ పౌరులను, పరిశ్రమలవారిని కూర్చి నొయ్యల్ నదిని, దాని చెరువులను బాగుచేయ పూనుకొన్నది. పంపులు చేసిన చేతులే పూడిక తీయుటయు న్యాయము. చెరువు త్రవ్వించినవారి పేరు చెప్పుకొను మనము, ఆ చెరువును కాపాడు బాధ్యతను కూడ వహింపవలెను.