చెప్పని ప్రణాళిక: 1968 అమెరికా ఎన్నికలలో వియత్నాం యుద్ధంపై నిక్సన్ వైఖరి

వియత్నాం యుద్ధాన్ని ముగించడానికి తన వద్ద 'రహస్య ప్రణాళిక' ఉందని రిచర్డ్ నిక్సన్ 1968లో ప్రకటించాడన్న మాట చరిత్ర గ్రంథాలలో స్థిరపడిపోయింది. అతడు ఆ మాట అన్నట్లు ఆధారం లేదు. 1968 మార్చి 5న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని హాంప్టన్‌లో మాట్లాడుతూ, కొత్త నాయకత్వం యుద్ధాన్ని ముగించి పసిఫిక్ ప్రాంతంలో శాంతిని గెలుస్తుందని మాత్రమే హామీ ఇచ్చాడు. ఒక విలేకరి దానిని తన మాటలలో క్లుప్తీకరించగా ఆ పదబంధం పుట్టింది. అదే నెల చివరలో నిక్సన్ తన వద్ద రహస్య ప్రణాళికలేవీ లేవని చెప్పినా, ఆ ఖండన కంటే అపోహే ఎక్కువ దూరం ప్రయాణించింది.

అయితే అపోహ ఎందుకు నిలిచిందన్నది పరిశీలించదగిన విషయం. హాంప్టన్ వాక్యంలో రెండు క్రియలున్నాయి. 'గెలవడం' అనే క్రియకు కర్మ శాంతి, యుద్ధం కాదు. అయినా విజయాన్ని కోరే శ్రోతకు అందులో విజయమే ధ్వనించింది. సైన్యం తిరిగిరావాలని కోరేవారికి 'ముగించడం' వినిపించింది. మన ఆలంకారికులు కావ్యానికి చెప్పిన ధ్వని రాజకీయ ప్రసంగంలోనూ పనిచేస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

నాటి ఓటర్ల మనఃస్థితి కూడా ఈ అస్పష్టతకు అనుకూలించింది. జనవరి చివరలో మొదలైన టెట్ దాడి ప్రభుత్వ ప్రకటనలపై నమ్మకాన్ని దెబ్బతీసింది. మార్చి 12 నాటి న్యూ హాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో యుద్ధవ్యతిరేకి యూజీన్ మెకార్తీకి సుమారు 42 శాతం ఓట్లు వచ్చాయి. తీరా మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలిస్తే, మెకార్తీకి ఓటు వేసినవారిలో యుద్ధాన్ని మరింత తీవ్రం చేయాలనుకున్నవారే దాదాపు 3:2 నిష్పత్తిలో అధికంగా కనిపించారు. స్పష్టంగా మాట్లాడిన అభ్యర్థినే ఇంత భిన్నంగా అర్థం చేసుకున్నప్పుడు, అస్పష్టంగా మాట్లాడినవానికి లభించే వెసులుబాటును ఊహించవచ్చు. యుద్ధం గురించి సైనికాధికారులు తనను భ్రమింపజేశారని చెప్పిన జార్జ్ రామ్నీ ఆ ఒక్క మాటతో కుప్పకూలి, ఫిబ్రవరి చివరలోనే పోటీ నుండి తప్పుకోవడం నిక్సన్ కళ్లెదుటి పాఠం.

మార్చి 31న వియత్నాంపై నిక్సన్ రేడియో ప్రసంగం చేయవలసి ఉంది. అదే రాత్రి అధ్యక్షుడు జాన్సన్ టెలివిజన్ ప్రసంగం ఖరారు కావడంతో దానిని రద్దు చేసుకున్నాడు. జాన్సన్ ఆ ప్రసంగంలో బాంబుదాడులను పరిమితం చేసి, తాను మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. చర్చలకు భంగం కలగరాదన్న కారణంతో నిక్సన్ అప్పటినుండి మౌనం వహించాడు. ఆగస్టులో రిపబ్లికన్ పార్టీ విధాన సంఘానికి సమర్పించిన ప్రకటనలో యుద్ధభారాన్ని దక్షిణ వియత్నామీయులకు క్రమంగా బదిలీ చేయాలన్న ఆలోచన ఉన్నమాట నిజమే. కానీ కాలపరిమితి గాని, సైన్య ఉపసంహరణ లెక్కలు గాని అందులో లేవు. ప్రత్యర్థి హ్యూబర్ట్ హంఫ్రీ కూడా సెప్టెంబరు 30న సాల్ట్ లేక్ సిటీలో మాట్లాడేవరకు జాన్సన్ నీడను దాటలేదు. అందువల్లనే ఓటర్లకు ఇద్దరి వైఖరులలో పెద్ద తేడా కనిపించలేదని 1972లో పేజ్, బ్రాడీ అనే రాజనీతి శాస్త్రవేత్తలు నిరూపించారు.

ఇంతవరకు ఇది ఎన్నికల చాతుర్యం. అక్టోబరులో జరిగింది వేరు. నిక్సన్ సహాయకుడు హాల్డెమన్ అక్టోబరు 22న రాసుకున్న గమనికలను జాన్ ఫారెల్ 2017లో వెలుగులోకి తెచ్చాడు. అన్నా షెన్నాల్ట్ ద్వారా దక్షిణ వియత్నాంతో సంప్రదింపులు కొనసాగించాలని, జాన్సన్ శాంతి ప్రయత్నానికి అడ్డుపడాలని నిక్సన్ ఇచ్చిన ఆదేశాలు వాటిలో ఉన్నాయి. బహిరంగ మౌనానికి చెప్పిన కారణం చర్చల రక్షణ. లోపల జరిగినది దానికి విరుద్ధం. అక్టోబరు 31న జాన్సన్ బాంబుదాడులను పూర్తిగా నిలిపివేశాడు. నవంబరు 2న అధ్యక్షుడు థియూ చర్చలకు రామని ప్రకటించాడు. మరునాడు జాన్సన్‌తో టెలిఫోనులో నిక్సన్ తనకేమీ సంబంధం లేదన్నాడు. నవంబరు 5న ఒక శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో గెలిచాడు.

షెన్నాల్ట్ సందేశాలే చర్చలను ఆపాయనడం తొందరపాటు అవుతుంది. వాటికి హాజరైతే తన ప్రభుత్వ ఉనికికే ముప్పని థియూ భావించడానికి సొంత కారణాలున్నాయి. నాలుగు పక్షాల చర్చలు పారిస్‌లో 1969 జనవరి 25న, నిక్సన్ పదవి చేపట్టిన ఐదు రోజులకు ఆరంభమయ్యాయి. ఒప్పందంపై సంతకాలు 1973 జనవరి 27న జరిగాయి. ఈ మధ్యకాలంలో 20,000కు పైగా అమెరికన్ సైనికులు, అంతకు ఎన్నో రెట్లు వియత్నామీయులు మరణించారు.