ఊరు దాటిన ఇంటిపేరు

వీపనగండ్లలో ఒక ఇంటిని ప్రత్యేకించి "వీపనగండ్ల వారు" అని పిలవవలసిన పని ఎవరికీ ఉండదు. అందరూ ఆ ఊరివారే గదా! అక్కడినుండి వనపర్తికో, కృష్ణ దాటి గద్వాలకో తరలిపోయిన కుటుంబానికే కొత్తచోట ఆ ఊరి పేరు అంటుకుంటుంది. తెలుగువారి ఇంటిపేర్లలో చాలా భాగం ఇట్లా విడిచివచ్చిన ఊళ్ళ పేర్లే. ఇటిక్యాలపాడులో 1896లో పుట్టిన ప్రతాపరెడ్డి గారి ఇంటిపేరు సురవరం. 'వరం' అనే తుదిని బట్టే అది వేరొక ఊరి గుర్తని తోస్తుంది.

జపానువారి ఇంటిపేర్ల అర్థాలు చూస్తే మన పక్కింటివారిని చూసినట్లే ఉంటుంది. తనాకా అంటే పొలం నడుమ, యమమోతో అంటే కొండ మొదలు. నకమురా అంటే నడిమి ఊరు, అంటే అచ్చంగా మన నడింపల్లి! అక్కడ సామాన్యులకు ఇంటిపేరు తప్పనిసరి అయినది 1875లో. కుటుంబ పట్టీలో ఒకసారి ఎక్కిన పేరు మనిషితోపాటు ప్రయాణించింది. 1908లో కసాతో మారు అనే ఓడలో బ్రెజిల్ చేరిన కూలీల సంతతి నేటికీ ఆ పేర్లతోనే ఉన్నది.

మనవారి సంగతి వేరు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుండి డర్బన్ చేరింది. 1911 వరకు నేటాలుకు వెళ్ళిన ఒప్పంద కూలీలు సుమారు లక్షా 52 వేల మంది. పాలమూరు నిజాం రాజ్యంలోనిది. ఆ ఓడలెక్కిన తెలుగువారిలో అధికులు మద్రాసు రాజధాని జిల్లాలవారు. ఓడ పట్టీలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా వ్రాశారు. ఇంటిపేరుకు మాత్రం గడి లేదు! మచ్చకున్నపాటి విలువ ఇంటిపేరుకు లేకపోయింది.

తరువాతి తరానికి పాఠశాలలో, కచేరీలో వంశనామం కావలసి వచ్చినప్పుడు ఉన్నవాటిలోనే ఏదో ఒకటి చెప్పారు. కొందరికి తండ్రి పేరు, కొందరికి కుల గౌరవపదం వంశనామమయ్యాయి. నాయుడు అన్నది ఇక్కడ ఇంటిపేరు కానేకాదు. 'నాయకుడు' అనే అర్థంలో పేరు చివర చేరే మాట. బలిజ, కమ్మ, వెలమ మొదలైన పలు కులాలవారు వాడుకున్నారు. దక్షిణాఫ్రికాలో అదే 'నాయుడూ' అయి, అక్కడి భారతీయులలో అతి విరివిగా వినిపించే వంశనామాలలో ఒకటయినది. మారిషస్‌లో పుట్టి గాంధీజీతో ట్రాన్స్‌వాల్ పోరాటంలో నడచిన తంబి నాయుడు మాట్లాడిన భాష తమిళం. కనుక ఆ పేరు విన్నంతనే తెలుగు ఇల్లు అనుకొనుటకూ లేదు.

ఇంట గెలిచినవారి గతీ అంత గొప్పది కాదనుకోండి. 1932లో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె. నాయుడు గారి ఇంటిపేరు కొఠారి. లోకానికి మిగిలినది 'సి' అనే ఒక్క పొడి అక్షరం. అయినా ఆ అక్షరం వెనుక ఇల్లు ఉన్నది. డర్బన్ నాయుడూలకు అదీ లేదు.

తెలుగింట ఇంటిపేరు ఉత్త గుర్తు కాదు. ఒకే ఇంటిపేరు వారు దాయాదులు, వారిలో వారికి వియ్యం కుదరదు. పేరు పోయినప్పుడు ఆ లెక్క కూడా తప్పింది. నాయుడూ ఇంటి పిల్లను నాయుడూ ఇంటికే ఇచ్చినా ఆక్షేపణ లేదు. పూర్వుల జాడ వెదుకబోయేవారికి వంశనామం ఏ ఊరికీ దారి చూపదు. పాత ఓడ పట్టీలో తాత సంఖ్య పట్టుకొని, ఊరి గడిలో దొరగారు తన చెవికి తోచినట్లు వ్రాసుకొన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలను తెలుగు ఊరుగా కూడబలుక్కోవలసినదే.