యోహాను జనన పండుగ, బెల్లంపల్లి మిర్గము

యోహాను యేసుకంటె ఆరు నెలలు పెద్దవాడు (లూకా 1:36). డిసెంబరు 25ను క్రీస్తు జననదినముగా ఆచరించిన పాశ్చాత్య సంఘము జూన్ 24ను యోహానుకు కేటాయించెను. రోమీయుల పాత లెక్కలో అది ఉత్తరాయణాంతము. అటుపిమ్మట పగలు తరుగును గనుక, యోహాను 3:30లోని తగ్గింపును అగస్టీను దీనికి ముడిపెట్టెను. ఆ పండుగనాడు అన్యాచారముగా సముద్రస్నానము చేసిన క్రైస్తవులను ఖండించినవాడును ఆయనే.

బెల్లంపల్లి సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశముననున్నది. జూన్ 21 మధ్యాహ్నము ఇక్కడ నీడ దక్షిణమునకు పడును. మబ్బు లేకున్ననే సుమా! భూగర్భగనిలో మొదటి షిఫ్టువారికి అదియు కనబడదు. పంచాంగమైతే దక్షిణాయనమును జూలై నడుమనుండి లెక్కించును. కనుక ఇక్కడ ఇండ్లలో జరుగునది అయనాంతము కాదు, జూన్ 7, 8 తేదీలలో వచ్చు మిర్గము. ఆనాటి చేపలకూరను అన్యాచారమని మందలించు కాపరులున్నారు. జూన్ 24 ఎక్కడిదో వారు విచారించినట్లు లేదు. మిర్గమునాడు పూజింపబడునది ఏదియు లేని ఇంట, తొలకరికై ఎదురుచూచుచు అందరు కలిసి భుజించుటయే ఉన్నది.