డిప్లొమా నుండి డిగ్రీకి: విశాఖపట్టణ నేపథ్యంలో సివిల్ ఇంజనీరింగ్ విద్యామార్గం – చారిత్రక పరిశీలన

సారాంశం

పదో తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా చేసి, అక్కడినుండి ఇంజనీరింగ్ డిగ్రీకి చేరడం తెలుగునాట స్థిరపడిన విద్యామార్గం. ఈ మార్గం రూపుదిద్దుకొన్న క్రమాన్ని విశాఖపట్టణ ఓడరేవు, ఉక్కు కర్మాగారాల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. డిప్లొమా, డిగ్రీల మధ్య దూరం వలసకాలపు ఉద్యోగశ్రేణుల నుండి సంక్రమించిందనీ, ఆ దూరాన్ని దాటే ద్వారాలు కాలానుగుణంగా మారినా అనుభవజ్ఞానానికి దక్కవలసిన విలువ వాటిలో క్రమంగా తగ్గిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాలిటెక్నిక్, ఓవర్సీరు, ఎల్.సి.ఇ., ఏ.ఎం.ఐ.ఇ., ఈసెట్, విశాఖపట్టణం, సాంకేతిక విద్య.

1. ప్రవేశిక

ఒక నగర నిర్మాణచరిత్రలో ప్రణాళిక వేసినవారి పేర్లు మిగులుతాయి. పునాది గోతి పక్కన నిలబడి లెవెల్ చూసినవారి, కొలతల పుస్తకం రాసినవారి పేర్లు మిగలవు. సాంకేతిక విద్యాచరిత్ర రచనలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. విశ్వవిద్యాలయాల, ఇంజనీరింగ్ కళాశాలల చరిత్రకు దక్కిన శ్రద్ధ పాలిటెక్నిక్‌లకు దక్కలేదు. విశాఖపట్టణం వంటి నగరాన్ని అర్థం చేసుకోవడానికి ఈ లోటు పెద్ద అవరోధం.

2. ఓవర్సీరు, ఇంజనీరు: రెండు అంతస్తుల వారసత్వం

మద్రాసులో 1794లో ప్రారంభమైన సర్వే పాఠశాల కాలక్రమంలో సివిల్ ఇంజనీరింగ్ కళాశాలగా, ఆపై గిండీ ఇంజనీరింగ్ కళాశాలగా ఎదిగింది. ఆ కళాశాల ఇంజనీర్లతో పాటు ప్రజాపనుల శాఖకు కావలసిన కిందిస్థాయి సిబ్బందినీ తయారుచేసింది. ఆ శాఖలో ఇంజనీర్లది ఒక శ్రేణి. వారి కింద అప్పర్ సబార్డినేట్లు, లోయర్ సబార్డినేట్లు. ఓవర్సీర్లు, సబ్ ఓవర్సీర్లు ఈ కింది శ్రేణులకు చెందినవారు. పై శ్రేణి చాలాకాలం ప్రధానంగా ఐరోపావారిది. కింది శ్రేణుల్లో భారతీయులు అధికం.

ఆనకట్టలు, కాలువలు, రహదారులు నిజంగా నిలబడింది ఈ కింది శ్రేణి పర్యవేక్షణ మీదనే. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణంలో కాటన్‌కు తోడ్పడిన వీణం వీరన్నను గోదావరి ప్రాంతం నేటికీ స్మరిస్తుంది. అటువంటి స్మరణ అరుదు. స్వాతంత్ర్యానంతరం ఎల్.సి.ఇ. పేరుతో, తరువాత డి.సి.ఇ. పేరుతో వచ్చిన డిప్లొమా ఈ ఓవర్సీరు స్థానానికే వారసురాలు. అంటే డిప్లొమా ముందు ఒక ఉద్యోగశ్రేణి. ఆ తరువాతనే ఒక విద్యార్హత. డిగ్రీకి చేరాలన్న తపనలో జ్ఞానకాంక్షతో పాటు శ్రేణి దాటాలన్న కోరిక కలిసిపోవడానికి మూలం ఇక్కడ ఉంది.

3. విశాఖ పేరుతో కాకినాడలో వెలసిన కళాశాల

డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున 1927–33 మధ్య బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో విశాఖ ఓడరేవు నిర్మాణం జరిగింది. చిత్తడినేలను తవ్వి లోపలి రేవును, సముద్రం నుండి ప్రవేశమార్గాన్ని ఏర్పరచారు. 1933లో రేవు ప్రారంభమైంది. ఇంత పెద్ద సివిల్ నిర్మాణం సాగిన పట్టణంలో ఆనాడు సివిల్ ఇంజనీరింగ్ నేర్పే కళాశాల లేదు.

1946లో మద్రాసు ప్రభుత్వం 'కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్, వైజాగపటం' పేరుతో ఒక కళాశాలను మంజూరు చేసింది. పేరులో విశాఖ ఉన్నా తాత్కాలికంగా దానిని కాకినాడలో నెలకొల్పారు. ఆ తాత్కాలికమే శాశ్వతమైంది. అదే నేటి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, కాకినాడకు మాతృసంస్థ. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇంజనీరింగ్ కళాశాల ఆ తరువాత వికసించింది. కంచరపాలెంలోని ప్రభుత్వ పాలిటెక్నిక్ డిప్లొమా విద్యను రేవు, రైల్వే, పరిశ్రమల కార్మికవాడల నడుమకు తెచ్చింది. భీమునిపట్నంలో మహిళా పాలిటెక్నిక్, పాడేరులో గిరిజన విద్యార్థులకు ఆదర్శ గురుకుల పాలిటెక్నిక్ ఈ విద్యను మరికొన్ని వర్గాలకు చేర్చాయి.

4. ఉద్యోగం చేస్తూనే పట్టం: ఏ.ఎం.ఐ.ఇ.

డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరినవారికి డిగ్రీకి సమానమైన అర్హత పొందే ప్రధాన మార్గం చాలాకాలం ఏ.ఎం.ఐ.ఇ. పరీక్ష. 1920లో ఏర్పడి, 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) దీనిని నిర్వహించింది. సెక్షన్ ఏ, సెక్షన్ బి అనే రెండు భాగాలుగా సాగే ఈ పరీక్షకు తరగతి గది లేదు. పగలు సైటు, రాత్రి పుస్తకం. ఉత్తీర్ణతకు ఏళ్లు పట్టేది. మధ్యలో ఆగిపోయినవారూ ఎక్కువే.

1966 నాటి 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమం ఫలితంగా 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. శంకుస్థాపనకూ అంకితానికీ మధ్య రెండు దశాబ్దాలు గడిచాయి. ఇటువంటి దీర్ఘకాల నిర్మాణాలు పెరిగిన నగరంలో, పని మానకుండా అర్హత పెంచుకొనే మార్గానికి ఉన్న ప్రాధాన్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఏ.ఎం.ఐ.ఇ.కి కేంద్రప్రభుత్వ గుర్తింపు 2013 మే 31 వరకు నమోదైనవారికే పరిమితమైంది. దూరవిద్య ద్వారా ఇంజనీరింగ్ పట్టాలను 2017లో సుప్రీంకోర్టు తప్పుబట్టడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది. ప్రయోగశాల, ప్రత్యక్షబోధన లేని ఇంజనీరింగ్ విద్య నాణ్యతపై సందేహం సహేతుకమే. కానీ రోజూ సైటులో ఉండే ఉద్యోగికీ, సైటు చూడని దూరవిద్యార్థికీ మధ్య భేదాన్ని ఈ మార్పులు పట్టించుకోలేదు.

5. న్యాయస్థానంలో డిప్లొమా

డిగ్రీ ఎందుకంత అవసరమైందో అర్థం కావాలంటే పదోన్నతి నిబంధనలను చూడాలి. ఉన్నతపదవికి పట్టభద్రులే అర్హులన్న నిబంధనను జమ్ము కశ్మీర్ ప్రభుత్వం – త్రిలోకీనాథ్ ఖోసా కేసులో 1973లో సుప్రీంకోర్టు సమర్థించింది. మరుసటి ఏడాది వచ్చిన మహమ్మద్ షుజాత్ అలీ కేసు నేరుగా ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత, పట్టం లేని పూర్వ హైదరాబాద్ సూపర్వైజర్ల హోదా, పదోన్నతి ఇందులో చర్చకు వచ్చాయి. పట్టభద్రులకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని న్యాయస్థానం కొట్టివేయలేదు. అదే సమయంలో, పదవీ బాధ్యతల స్వభావం కోరని విద్యార్హతాభేదాలు సమానత్వ సూత్రాన్ని బలహీనపరుస్తాయని హెచ్చరించింది.

రాష్ట్రసర్వీసులో విశాఖలో పనిచేసే సూపర్వైజరుకూ ఈ తీర్పు పర్యవసానం వర్తించేదే. సూపర్వైజరు అసిస్టెంట్ ఇంజనీరుగా, జూనియర్ ఇంజనీరు అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పేర్లు మారినా రెండు అంతస్తులు అలాగే ఉన్నాయి.

6. ఈసెట్: రెండవ సంవత్సరపు ద్వారం

నేడు ప్రధానమార్గం ఈసెట్. ఇందులో ఉత్తీర్ణులైన డిప్లొమా విద్యార్థులు బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరతారు. పదో తరగతి తరువాత ఇంటర్ మీదుగా వెళ్ళేవారికి రెండు, నాలుగు కలిపి ఆరేళ్ళు; పాలిటెక్నిక్ మీదుగా వెళ్ళేవారికి మూడు, మూడు కలిపి ఆరేళ్ళే. కార్పొరేట్ ఇంటర్ కళాశాలల రుసుము భరించలేని కుటుంబానికి ఈ సమీకరణం చాలా విలువైనది. మధ్యలో చదువు ఆగినా చేతిలో ఒక అర్హత మిగులుతుంది.

ఈసెట్‌లోని 200 మార్కులలో గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు 25 చొప్పున, బ్రాంచి విషయాలకు 100 కేటాయించారు. ర్యాంకు నిర్ణయంలో క్షేత్రానుభవానికి స్థానం లేదు. ఏ.ఎం.ఐ.ఇ. ఉద్యోగస్థుడి మార్గం కాగా, ఈసెట్ ప్రధానంగా అప్పుడే డిప్లొమా ముగించిన విద్యార్థి మార్గం. ఫలితంగా పాలిటెక్నిక్ చివరి సంవత్సరం వృత్తిప్రవేశానికి ముంగిలిగా కాక ప్రవేశపరీక్షకు సన్నాహంగా మారే ప్రమాదం ఏర్పడింది.

7. కోల్పోతున్నదేమిటి?

తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివిన విద్యార్థికి సాంకేతిక ఆంగ్లం తొలిసారి ఎదురయ్యేది డిప్లొమాలోనే. సైటులో అతడు చేసే పని ఒక విధంగా అనువాదం: ఆంగ్లంలో ఉన్న డ్రాయింగును మేస్త్రీకి, సెంట్రింగ్ వడ్రంగికి, కడ్డీలు వంచేవారికి అర్థమయ్యే మాటలోకి, కొలతలోకి మార్చడం. ఈ నైపుణ్యాన్ని ఏ ప్రశ్నపత్రమూ కొలవదు. సర్వేయింగ్, అంచనాల తయారీ అభ్యసించి బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరిన విద్యార్థికి గణితంలో తోడ్పాటు అవసరమన్నది నిజమే. తోటివారికి అతడు నేర్పగలిగినది కూడా ఉందన్న గుర్తింపు మాత్రం పాఠ్యప్రణాళికలో కనిపించదు.

8. ఉపసంహారం

ఓవర్సీరు శ్రేణిగా మొదలైన డిప్లొమా నేడు డిగ్రీకి మెట్టుగా మారింది. ఈ మార్పు వేలాది సాధారణ కుటుంబాలకు మేలు చేసింది. దానిని తక్కువ చేయరాదు. అయితే మెట్టుకు స్వతంత్రమైన విలువ లేకపోతే దానిపై ఆగినవారు ఓడినవారుగా మిగులుతారు. ఉద్యోగం చేస్తున్న డిప్లొమా ఇంజనీర్లకు వెసులుబాటు వేళల్లో ప్రత్యక్షబోధనతో డిగ్రీ, ప్రవేశాల్లో అనుభవానికి కొంత విలువ, పదోన్నతుల్లో పని స్వభావాన్ని బట్టి అర్హతల నిర్ధారణ – ఈ మూడూ పరిశీలించదగినవి. పాలిటెక్నిక్‌ల ప్రవేశ పట్టికలు, ప్రజాపనుల శాఖ సర్వీసు దస్త్రాలు, విశ్రాంత సూపర్వైజర్ల మౌఖిక కథనాలు సేకరిస్తే విశాఖ నిర్మాణచరిత్ర మరింత సమగ్రమవుతుంది. ఆ కథనాలు చెప్పగల తరం వయసు మీరుతోంది కనుక ఈ పని వెంటనే చేపట్టవలసినది.